మూడింటికి ఆరిపోయే లైటు

మోడెం మీద నాలుగు పచ్చ లైట్లు. వాటిలో మూడోది ఆరిందంటే నెట్ పోయినట్టు. ఆ వారం అది మధ్యాహ్నం మూడింటికి ఠంచనుగా ఆరిపోయేది. ఆ తర్వాత పొద్దు గుంకేదాకా వెలుగుతూ ఆరుతూ నా ప్రాణం తీసేది. దాన్ని పీకి గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చేది నాకు.

ఇంకా తెలంగాణ రాష్ట్రం రాని రోజులు. గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు బొగ్గు గని పక్కనే మా క్వార్టర్. మా అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టాలి. శనివారం సాయంత్రం లోపు పెట్టకపోతే ఎవరికీ అక్కర్లేని కాలేజీయే గతి. నెట్ సెంటర్‌కు పోదామంటే, అక్కడివాళ్లు కమీషన్ తిని పిల్లల పాస్‌వర్డులతో ఆప్షన్లు మార్చేస్తున్నారని మా క్వార్టర్ల లైనంతా కోడై కూసింది. అందుకే ఇంట్లోనే పెట్టాలని పట్టుబట్టాను. పొద్దున ఆ సైటు నత్తలా కదిలేది. పిల్ల ఒక్కో కాలేజీ కోడు ఎక్కించుకుంటూ పోయేసరికి మూడయ్యేది. వాళ్ల నాన్న రాసిచ్చిన కాగితంతో అన్నీ సరిచూశాకే సేవ్ నొక్కాలని హుకుం వేసింది కూడా నేనే. సరిచూసేలోపే నెట్ పోయేది. ఎక్కించినవన్నీ గాల్లో కలిసిపోయేవి.

మోడెం ఆపి మళ్లీ వేశాం. వైర్లు పీకి గుచ్చాం. హాల్లో ఫోను తీసి అవతల పెట్టాం. కంప్లైంట్ నంబరుకు ఫోన్ చేస్తే, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్" అంది తీయటి గొంతు. ఆ పిల్ల ఎదురుగా లేదు కాబట్టి బతికిపోయింది.

మూడోరోజు మా అమ్మాయి, "అమ్మా, గ్లాసులు ఊగినప్పుడే పోతుందమ్మా..." అని ఏదో మొదలుపెట్టింది.

"సాకులు చెప్పకు. దోస్తులతోటి ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటే పోక ఏమైతది?" అని చెంప మీద ఒక్కటిచ్చాను. పిల్ల చెంప పట్టుకుని లోపలికి పోయింది. నేను ఆ మాట అక్కడితో మరిచిపోయాను.

ఇక టెలిఫోన్ లైన్‌మ్యాన్. సిద్దిపేట వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. రోజూ పొద్దున వచ్చి, లైట్లు చూసి, "మంచిగనే ఉన్నది గదక్కా" అని బండెక్కేవాడు. దవాఖానకు తీసుకెళ్లగానే జ్వరం దిగిపోయే పిల్లల్లాగా, అతను వచ్చే వేళకు మా మోడెం బుద్ధిగా ఉండేది.

శనివారం అతను లోపలికి రాగానే స్టూలు మీద పెట్టిన బండి తాళం తీసి కొంగుకు ముడేసుకున్నాను.

"మూడైనంక ఇస్త. గప్పటిదాక ఈడనే కూసో తమ్మీ."

"ఇంక పది ఇండ్లు తిరగాలె అక్కా!"

"తిరుగుదువు. మా బిడ్డ సీటు పోతే నువ్వు తెచ్చిస్తవా?"

అన్నం పెట్టాను, చాయ పోశాను, తిడుతూనే. మూడు కావస్తుండగా వాళ్ల ఆఫీసును ఏకిపారేస్తున్నదాన్ని మాట మధ్యలో లేచాను. పెరట్లో తీగ మీది బట్టలు తెచ్చి మంచం మీద పడేశాను. కిటికీ రెక్కలు మూశాను. నీళ్ల బిందె మీద మూత పెట్టాను. వచ్చి కూర్చుని, ఆపిన తిట్టు దగ్గర్నుంచే అందుకున్నాను.

లైటు ఆరిపోయింది.

"సూడు! కండ్లార సూడు!" అని ఎగిరి లేచాను. అతను మోడెం వైపు చూడనే లేదు. షెల్ఫులో ఇంకా గలగలమంటున్న స్టీలు గ్లాసులనూ, నన్నూ మార్చి మార్చి చూశాడు.

"గా సప్పుడేందక్కా?"

"ఏ సప్పుడు?"

"భూమి అదిరింది గదా!"

"గా సప్పుడా? గనిల బ్లాస్టింగ్. రోజూ ఉండేదే" అని, అక్కడే ఆగిపోయాను.

"సైరన్ మోగంగనే లేసి తడి బట్టలు గూడ తీసుకొస్తివి. నీకు ఇనపడలేదా?"

వినపడలేదు. గనిలో పేల్చేముందు సైరన్ వేస్తారు. దుమ్ము పడుతుందని మేం బట్టలు తీస్తాం, నీళ్లకు మూత పెడతాం. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ పని నా చేతులు చేసుకుపోతున్నాయి. చెవులు ఎప్పుడు మానుకున్నాయో నాకే తెలియదు.

అతను నిచ్చెనేసి చూరు కింద చూశాడు. ఎప్పుడో ఎవరో రెండు వైర్లు మెలేసి, టేపు చుట్టి వదిలేసిన అతుకు. అదిరినప్పుడల్లా వదులైపోతోంది. దాన్ని కత్తిరించి కొత్తగా కలిపాడు. తాళం తిరిగిస్తూ, క్షమించమనడానికి నోరు రాక, మామిడికాయ తొక్కు డబ్బా ఒకటి అతని చేతిలో పెట్టాను.

గడువుకు అరగంట ముందు ఆప్షన్లు సేవ్ అయ్యాయి. నేను గెలిచినదానిలా మా అమ్మాయి వెనక నిలబడి, "దొరికింది రోగం! బ్లాస్టింగ్ అప్పుడు వైరు ఊగి నెట్ పోతుందట" అన్నాను.

పిల్ల కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పలేదు.

"మొన్న నేను చెప్పబోయింది గదే గదమ్మా. లైన్‌మ్యాన్ చెప్తే ఇన్నవ్."

ఆ క్షణాన నా మీద నాకు వచ్చినంత కోపం, ఆ వారమంతా ఎవరి మీదా రాలేదు.