చిన్నమ్మ తగ్గించిన దారి

నా చిన్నప్పుడు మేము చిల్కానగర్‌లో ఉండేవాళ్లం. తెలంగాణ రావడానికి ఇంకా కొన్నేళ్లు ఉంది. మా చిన్నమ్మ, పక్కింటి అక్క కలిసి నాచారంలో ఒక చిన్న కంపెనీకి వెళ్లేవారు. అక్కడ మోటార్లకు స్విచ్చులు బిగించేవారు. చిన్నమ్మకు ఆ పని నేర్పింది అక్కే.

ఒక ఏడాది, చిన్న కంపెనీలు వృథా తగ్గించుకుని పెద్దవాటికి దీటుగా నిలబడాలని సర్కారు ఒక పథకం పెట్టింది. దాని తరఫున వచ్చిన సారు, ఎక్కడ సమయం పోతుందో చేసేవాళ్లకే తెలుస్తుందంటూ ఆడవాళ్లనే అడిగాడట. అంతకుముందు చిన్నమ్మను ఎవరూ ఏదీ అడిగి ఎరుగరు. ఆ ఆదివారం ఆమె మా ఇంటి గచ్చు మీద అగ్గిపెట్టెలతో షెడ్డంతా పేర్చింది. ఇది టేబుల్, ఇది మిషన్, ఇది ప్యాకింగ్. నా వేలు పట్టుకుని ఒక్క స్విచ్చు తిరిగే దారంతా తిప్పింది. రెండు పెట్టెలు జరిపి మళ్లీ తిప్పింది. దారి సగమైంది.

"సూసినవా, ఇన్నేండ్లు ఉత్తగనే నడిసినం" అని నవ్వింది. నాకది గారడీలా తోచింది.

ఆమె సారుకు చెప్పాక కంపెనీలో టేబుళ్లు అలాగే జరిపారు. చిన్నమ్మకు శాలువా కప్పారు. నెల తిరగకముందే, ఇంతమంది అక్కర్లేదని ముగ్గురిని మాన్పించారు. వాళ్లలో పక్కింటి అక్క ఒకరు.

చిన్నమ్మ నేరుగా ఆ సారు దగ్గరికి వెళ్లింది. "నడక తగ్గిస్తమన్నరు గని మనుషులను తీసేస్తమని చెప్పలే గద సార్" అని అడిగింది. ఆయన చెడ్డవాడేం కాదు. సర్కారుకు పంపే కాగితంలో మిగిలిన సమయం ఎంతో రాయమన్నారే తప్ప, ఎవరు పోయారో రాసే గడి లేదని చెప్పి తల దించుకున్నాడట.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళ్లింది. అక్క తిట్టలేదు. బియ్యం ఏరుతూనే, "నీకు తెలివుంది. గని నా సంగతేందని ఒక్కసారి అనుకోకపోతివి" అంది. కొన్నాళ్లకు అక్కవాళ్లు బోడుప్పల్ వెళ్లిపోయారు. మళ్లీ మా గడప తొక్కలేదు. చిన్నమ్మ ఆ కంపెనీలోనే చాలా ఏళ్లు పనిచేసింది. ఎవరేమడిగినా మాత్రం, నాకు తెల్వదు సార్ అనేది.

ఇప్పుడు అలాంటి పథకాల్లోనే నేను కంపెనీలకు వెళ్లి పాఠాలు చెబుతున్నాను. ఒక్క టేబుల్ జరపకముందే, పని తగ్గినవాళ్లకు ఏ పని ఇస్తారో రాసివ్వమని యజమానులను అడుగుతాను. కొందరు మాట మారుస్తారు, కొందరు నవ్వుతారు. రాసివ్వని చోట నాకు తెలిసింది చెప్పకుండా లేచి వచ్చేస్తాను. చాలా చోట్ల నుంచి అలా వచ్చేశాను.