సాంచాల గోడ పక్కన పగడం

మా చిన్నాయన కొడుకు దుబాయ్‌లో ఒక హోటల్లో పన్నెండేళ్లు ఉప్పునీటి అక్వేరియం చూసుకున్నాడు. కిందటేడు సిరిసిల్ల వచ్చి, ముందుగదిలో మంచం తీసేసి, అక్కడ బారెడు పొడవున్న గాజుతొట్టి పెట్టాడు. ఫిల్టర్ నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి నింపాడు. నాలుగు నెలలు అందులో రాళ్లు తప్ప ఏమీ లేవు. నీళ్లు కుదురుకోవాలన్నాడు. ఐదో నెలలో చెన్నై నుంచి ఒక పగడం తెప్పించాడు.

నేను రెండు వీధుల అవతల ఉంటాను. ముప్పై ఏళ్లు జిల్లా పేజీకి వార్తలు రాసి ఇంట్లో కూర్చున్నవాడిని. అలవాటు పోక మొదట అడిగింది, ఇది పెంచడానికి చట్టం ఒప్పుకుంటుందా అని.

"సముద్రంల తెంపింది కాదన్నా, తొట్లె పెరిగింది. కాయిదాలున్నయ్," అని ఫైలు తెచ్చి చూపించాడు.

రెండో ప్రశ్నకు మాత్రం నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు. అది జంతువా, చెట్టా, రాయా?

"జంతువే. నోళ్లుంటయ్ దానికి."

"మరి పైన గంత లైటు ఎందుకు?"

"దాని ఒంట్ల నాచు లాంటిది ఉంటది. దానికి ఎండ గావాలె."

"పగడం రాయి గదా?"

"రాయి కట్టేటివి వేరే ఉంటయ్. ఇది మెత్తటిది."

ఏది ఏమిటో తేలకుండా మొదటి వాక్యం రాయడం నాకు చేతకాదు. చూడటానికి అది అరచెయ్యంత పుట్టగొడుగులా, గోధుమరంగులో ఉండేది. అంచుల వెంట సన్నటి వేళ్లు కదిలేవి. చేయి పెడితే ముడుచుకునేది.

కరీంనగర్‌లో కొత్తగా హోటల్ కట్టిన ఒకాయన ముందు హాల్లో ఇలాంటి తొట్టి పెట్టిస్తానని, చూసుకునే పని తమ్ముడికే ఇస్తానని చెప్పాడు. కాకపోతే ఒక షరతు. ఒక రాయి నిండా పగడాలు పట్టించి తెచ్చి చూపించాలి. అటు దుబాయ్ వీసా, ఆరు నెలలు దాటి ఆ దేశం బయట ఉంటే చెల్లదు. నెల రోజుల గడువుంది. పగడాన్ని కోసి అతికించిన ముక్కలు రాయిని పట్టుకుంటే తమ్ముడు ఇక్కడే ఉంటాడు, పట్టుకోకపోతే మళ్లీ విమానం ఎక్కుతాడు. తమ్ముడి తల్లి, మా చిన్నమ్మకు ఇదంతా తెలుసు. ఆమె ఆ మాట ఎత్తేది కాదు.

కోసిన రోజు పళ్లెం పట్టుకున్నది నేనే. కొత్త బ్లేడుతో పగడం అంచు కోస్తుంటే జిగట కారింది, చేపల బజారు వాసన వచ్చింది.

"ప్రాణమున్నదాన్ని కోస్తే సావదా?"

"కోస్తెనే ఎక్కువైతదన్నా."

ఎనిమిది ముక్కలయ్యాయి. ఒక్కొక్కదాని అడుగు తుడిచి, నీళ్లలోనూ అంటుకునే జిగురు పూసి రాయికి ఒత్తాడు. పక్క గోడ అవతలే సాంచాల షెడ్డు; మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. ఎనిమిదింటికి మరమగ్గాలు మొదలయ్యాక తొట్టిలో నీటి మీద సన్నటి ముడతలు వచ్చాయి. మేం ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన వాళ్లం, మాకు వినపడదు. మధ్యాహ్నానికి ఆరు ముక్కలు ఊడి అడుగున పడ్డాయి. జిగట మీద జిగురు నిలవలేదో, గోడ అదురుకు ఊడాయో తమ్ముడికి అంతు పట్టలేదు. నాలుగు రోజులు మళ్లీ మళ్లీ అతికించాడు. మళ్లీ మళ్లీ పడ్డాయి.

చిన్నమ్మ అరుగు మీద రాట్నంతో దారం కండెలు చుడుతూ ఇదంతా చూస్తోంది. ఆ షెడ్డులో మగ్గాలకు కండెలు చుట్టి ఇచ్చేది ఆమే.

"పన్నెండేండ్లు నేర్సింది గిదేనార? అంటుకోకపోతె కట్టరాదు?"

తమ్ముడు ఆగి ఆలోచించాడు. దుబాయ్‌లో కూడా మెత్తటి వాటిని ఒక్కోసారి దారంతో కడతారట. చిన్నమ్మ పాలిస్టర్ దారం తెచ్చి, రాయిని పళ్లెంలో పెట్టించుకుని కూర్చుంది. ముక్క మీదుగా రెండు చుట్లు, ఒక ముడి. ముడి వేశాక రెండు కొసలూ గట్టిగా గుంజి చూసేది. పోగు తెగినప్పుడు వేసే ముడి అట్లాగే గుంజి చూడాలి. జారితే బట్టలో లోపం వస్తుంది, మగ్గాల ఆసామి తిడతాడు.

"జర వదులుగ కట్టవ్వా."

"వదులు ముడి ముడెట్లయితది?"

ఎనిమిదీ కట్టింది. ఒక్కటీ కదల్లేదు. ఆ పూట తమ్ముడు నవ్వడం చూశాను. మూడో రోజుకు దారాలు మెత్తటి ఒంట్లోకి దిగి ఒక్కో ముక్కను రెండుగా కోసేశాయి. రాయి మీద ఎనిమిది ఖాళీ ముళ్లు మిగిలాయి, ఒక్కటీ జారలేదు. సగాలు కొట్టుకుపోయి రాయి వెనక, చేయి పట్టని సందులో పడ్డాయి.

చిన్నమ్మ తొట్టి వైపు చూడటం మానేసింది. తమ్ముడు బీరువా మీది సూట్‌కేసు దించి దుమ్ము తుడిచాడు. అతనికి బాధగా ఉందో, ఊపిరాడినట్టుందో నాకు అర్థం కాలేదు.

"పోవాల్నని ఉన్నదా నీకు?" అని అడిగాను.

"ఆడ అన్ని టయానికి అయితయన్నా," అన్నాడు.

ఆ వారమే ఆర్డర్లు రాక షెడ్డు మూతపడింది. వీధంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. నేత పనివాళ్లు అరుగుల మీద కూర్చుని బీడీలు కాల్చారు. చిన్నమ్మ రాట్నం మీద గుడ్డ కప్పింది. తొట్టిలో నీళ్లు అద్దంలా నిలిచాయి. నేను వెళ్లినప్పుడల్లా ఆ నీళ్లు బాగున్నాయనిపించేది, మళ్లీ బయటి అరుగులు గుర్తొచ్చి ఏమీ తోచేది కాదు.

షెడ్డు మూతపడిన తొమ్మిదో రోజు, చచ్చిన ముక్కలు కుళ్లితే నీళ్లు పాడవుతాయని తమ్ముడు పొడవాటి పట్టుకారు రాయి వెనక పెట్టి ఒకదాన్ని లాగాడు. ఊడి రాలేదు. ఇంకోదాన్ని లాగాడు. అదీ రాలేదు. టార్చి వేసి నన్ను చూడమన్నాడు. పడినచోటే పదకొండు సగాలు రాయిని పట్టుకుని, చిన్న చిన్న వేళ్లు బయటికి చాపి ఉన్నాయి.

"ఎట్ల పట్టుకున్నయిర?"

"తెల్వదన్నా. చప్పుడు ఆగిందనో, మనం ముట్టకుంట ఇడిసిపెట్టినమనో. దుబాయ్‌ల గోడవతల సాంచాలుండెనా, నాకు తెలువనీకె?"

చిన్నమ్మ వచ్చి వంగి చూసింది.

"సాంచాలు మళ్ల నడిస్తె పడిపోతయా?"

"ఏమో అవ్వా."

"నడువకుంటె ఎట్లరా మరి," అంది, ఎవరితోనో అన్నట్టు.

ఏది కోరుకోవాలో నాకు తెలియలేదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు.

మూడు రోజుల తర్వాత, ఆర్డరు వచ్చిందని షెడ్డు తలుపులు తీశారు. మగ్గాలు ఎనిమిదింటికి మొదలయ్యాయి. ముగ్గురం తొట్టి ముందు నిలబడ్డాం. నీళ్లు ముడతలు పడ్డాయి. పదకొండు ముక్కలూ వణికాయి, వేళ్లు లోపలికి తీసుకున్నాయి. పడలేదు. చిన్నమ్మ చేతిలో చాయ్ చల్లారిపోయింది. తర్వాత వెళ్లి రాట్నం మీది గుడ్డ తీసింది.

తమ్ముడు హోటల్ ఆయనకు ఫోన్ చేశాడు. రాయిని పట్టుకురమ్మన్నాడు ఆయన.

వీసా చివరి రోజు గురువారం. ఆ రోజు మేం ముగ్గురం కరీంనగర్ బస్సులో ఉన్నాం. ఉప్పునీళ్ల బకెట్లో రాయి, పైన మూత, మూత మీద చిన్నమ్మ రెండు చేతులూ.

"ఏందమ్మా బకీట్ల?" అన్నాడు కండక్టర్.

"పగడం."

"ఉంగరంల పెట్టుకునేదా?"

"అది వేరే. దీనికి జీవమున్నది."

"చాపనా?"

"కాదు."

"చెట్టా?"

చిన్నమ్మ నా వైపు చూసింది. పేపరువాడిని, నేనే చెప్పాలి. నేను మా ఇద్దరి టికెట్లకు డబ్బులు లెక్కపెట్టసాగాను. ఆమె ఆధార్ కార్డు తీసి చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. కండక్టర్ కదల్లేదు.

"జీవమున్నదంటున్రు గద. ఆడిదా మొగదా? ఆడిదైతె దీనిగ్గూడ జీరో టికెట్టే."

వెనక సీట్లో వాళ్లు నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. కొంచెంసేపు నిజంగానే ఆలోచించి, "గది నాగ్గూడ తెల్వదన్నా," అన్నాడు.

"ఏదైతేంది," అంది చిన్నమ్మ. "మెల్లగ నడుపుమను బిడ్డా. ముడి లేకుంట పట్టుకున్నది."

మొదటి స్పీడ్ బ్రేకర్ దాటగానే ముగ్గురం ఒకేసారి మూత ఎత్తి చూశాం.