గాట్ల చీటీ

మనవడి దగ్గు మందు మూత తీసినప్పుడల్లా ఆ తీపి ఘాటుకు నాకు బోథ్ దగ్గరి మా ఊరు గుర్తొస్తుంది.

పత్తి తీసే చలికాలం, పొద్దున్నే జొన్నరొట్టెలు కాల్చే పొగ, సాయంత్రం ఉడకబెట్టిన కందికాయలు ఒళ్లో పోసుకుని ఒలుచుకు తింటూ అరుగు మీద పచ్చీసు ఆడే మేము, మధ్యమధ్య మరాఠీ కలిపి మాట్లాడే పెద్దవాళ్ల ముచ్చట్లు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. మా ఇంట్లో బియ్యానికైనా పాలకైనా గిద్దె, సోల, మానికలే కొలతలు. బడిలో పంతులు కొత్తగా వచ్చిన లీటర్లు బట్టీ పట్టించేవాడు. సర్కారు దవాఖానలో కాంపౌండరుది ఔన్సు గ్లాసు. ఎవరి కొలత వాళ్లదిగా రోజులు బాగానే గడిచేవి.

మందుకు సీసా మనమే పట్టుకుపోవాలి. కాంపౌండరు అందులో ఎర్రమందు పోసి, అంచున గాట్లు పెట్టిన కాగితపు చీటీ అంటించేవాడు. పూటకు ఒక గాటు మేర మందు తగ్గాలి. ఏడాది నిండిన తమ్ముడికి కోరింత దగ్గు వస్తే అవ్వ పక్కింటి గంగవ్వ దగ్గర సన్నని సీసా అడిగి తీసుకుపోయింది. మర్నాడే గంగవ్వకు నూనె తెచ్చుకోవడానికి ఆ సీసా కావలసి వచ్చింది. అవ్వ మందును మా లావుపాటి సీసాలోకి ఒంపి, చీటీని తడిపి చిరగకుండా ఊడదీసి, మందు ఆగిన చోటికి పైఅంచు కలిపి గంజితో అంటించింది. ఎంత నేర్పుగా అంటించిందో అని మురిసిపోయాను కూడా. సన్న సీసాలో గాటుకు, లావు సీసాలో గాటుకు తేడా ఉంటుందని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

దగ్గు ఆగింది. సంబరపడ్డాం. తరువాత తమ్ముడు ఎంత లేపినా కళ్లు తెరవలేదు. బాపు బండి కట్టాడు.

దవాఖానలో పట్నం నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు సూది ఇచ్చి, ఎన్ని మిల్లీలీటర్లు తాగాడని అడిగాడు. కాంపౌండరు ఔన్సుల్లో ఏదో చెప్పాడు. అవ్వ గాటు చూపించింది. గిద్దెలో సగం కూడా ఉండదని బాపు అన్నాడు. డాక్టరుకు గిద్దె తెలియదు, మాకు ఔన్సు తెలియదు. చివరికి సీసాలో నీళ్లు పోసి, గాటు మేర ఔన్సు గ్లాసులోకి ఒంపి, కాగితం మీద మిల్లీలీటర్లు కట్టి, డాక్టరు పెన్సిలు కింద పెట్టేశాడు. ఇక చూడటం తప్ప చేయగలిగింది లేదన్నాడు. బల్ల మీద తమ్ముడి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. లీటర్ల ఎక్కమంతా నాకు నోటికి వచ్చు, దాంతో ఏం చేయాలో మాత్రం తెలియక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"నేనెంత ఎక్కువ పోసిన సారూ? జర మా గిద్దెల చెప్పుండ్రి" అంది అవ్వ.

"గా లెక్క ఇప్పుడెందుకు చెల్లె, పిలగాన్ని ఒళ్లె వెట్టుకో" అన్నాడు కాంపౌండరు.

పొద్దు గూకకముందే తమ్ముడు పోయాడు.

ఇప్పుడు సీసా పట్టుకుపోయే దవాఖానలు లేవు, గాట్ల చీటీలు లేవు, మా కోడలికి గిద్దె అంటే ఏమిటో తెలియదు. అవ్వ కూడా లేదు. బతికినన్నాళ్లూ చదువుకున్నవాళ్లు ఎవరు కనిపించినా ఆమె ఆ మాటే అడిగేది. నా చదువు అయ్యాక నన్నూ అడిగింది. డాక్టరు కాగితం మీద వేసిన అంకె నాకు గుర్తుంది, దాన్ని గిద్దెలోకి మార్చడం అప్పటికే వచ్చు. రాదన్నాను. ఇవాళ వచ్చి మళ్లీ అడిగినా అదే అంటాను.