వంగిన మనిషికి బెదరని జింకలు

“ఏమప్పా, వంగొద్దు! నిలబడుకో!” గట్టు మీది నుంచి నారాయణమ్మ అరిచింది. ఉలిక్కిపడి లేచాను. నా పక్కనే ఆమె చేలో వేరుశనగ మొలకలు మేస్తున్న జింకలు గాల్లోకి ఎగిరి పరుగందుకున్నాయి.

రెండువేల దశకం తొలి ఏళ్ల సంగతి. వజ్రకరూరు దగ్గర వానలు పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి, తలలు వంచుకొని వజ్రాలు వెతుకుతారు. పత్రిక పని మీద వెళ్లిన నేనూ పక్క బీడులో ఏదో మెరిస్తే వంగాను.

“వంగినోళ్లంతా రాళ్లకొచ్చినోళ్లని జింకలకు తెలిసిపోయిండాది. నిలబడుకున్నోడే రైతని బెదుర్తాయి. రాయి దొరికితే నీకు, పైరు పోతే నాకా?” అంది నారాయణమ్మ.

నా చేతిలోని గాజుపెంకు చూసి ఇద్దరం పడీపడీ నవ్వాం. పొద్దు వాలేదాకా ఆమె గట్టు మీద నిటారుగా నిలబడ్డాను. ఒక్క జింకా రాలేదు.

“కూలి అడగని బెదురుబొమ్మ దొరికినాడు సూడండి!” అని దారిన పోయేవాళ్లందరికీ నన్ను చూపించింది.

బయలుదేరబోతూ, మొలకలు దక్కినట్టేనా అని అడిగాను. ఇంకొన్నాళ్లకు కలుపు తీయాలట. అందుకు ఆమే వంగాలి. అప్పుడు జింకలు తనను ఏమనుకుంటాయో నారాయణమ్మకూ తెలియదు.