తొమ్మిది గంటల గేటు

నేను ఇంటర్మీడియట్ పాసయ్యాను. మొదటిసారికే పాసయ్యాను. మెమో బీరువాలో ఉంది, లామినేషన్ కూడా చేయించాను. ఆ తర్వాత డిగ్రీ, పీజీ, ఉద్యోగం కోసం రాసిన పరీక్ష కూడా పాసయ్యాను. ఈ సంగతి నా కలకు తప్ప అందరికీ తెలుసు.

కలలో నేను ఇంకా మర్రిగూడ వైపున్న మా ఊరి నుంచి పరీక్షకు బయలుదేరుతూనే ఉంటాను. బస్సు కదలదు. కదిలితే వేరే ఊరికి పోతుంది. దిగి పరుగెత్తితే ఒక కాలి చెప్పు ఊడిపోతుంది. ఎలాగో గేటు దాకా వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, గేటు మూసుకుంటుంది. లోపల జరుగుతున్నది లెక్కల పరీక్ష. నేను చదివింది సీఈసీ. సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. లెక్కల పరీక్ష నాకు లేనే లేదు. లేని పరీక్షకు ఆలస్యమైనందుకు ఇరవై ఐదేళ్లుగా చెమటలు పట్టి లేస్తున్నాను. దీని మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

పోనీ నిజంగా ఎప్పుడైనా ఆలస్యంగా పోయానా అంటే అదీ లేదు. మా నాయిన నన్ను మొదటి బస్సుకే తీసుకుపోయేవాడు. గేటు తెరవడానికి రెండు గంటల ముందే మేమిద్దరం దాని ఎదురుగా కూర్చునేవాళ్లం. ఒకరోజు వాచ్‌మన్ వచ్చి, "పరీక్ష గీ పొద్దేనా, రేపా?" అని మమ్మల్నే అడిగాడు. అంత ముందు చేరిన మనిషికి ఆలస్యం కల రావడం ఏ లెక్కన న్యాయం?

నేను ఇప్పుడు పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో విచారిస్తే అందరికీ తలా ఒక కల ఉన్నట్టు తేలింది. లెక్కల సారుకు క్లాసులో చాక్‌పీస్ దొరకదట, బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఆయనకు చదువు చెప్పిన సార్లేనట. మా ఇంట్లో నా భార్య బస్సు కండక్టర్. ఆమె కలలో టికెట్ మిషన్‌లో పేపర్ రోలు అయిపోతుంది, బస్సు నిండా జనం, తర్వాతి స్టేజీలో చెకింగ్ వాళ్లు నిలబడి ఉంటారు. నిద్రలోనే "రోలు, రోలు" అంటుంది. అంటే మనుషులు పొద్దంతా ఉద్యోగం చేసి, పడుకున్నాక అదే ఉద్యోగం జీతం లేకుండా చేస్తున్నారు. ఏ సంఘమూ దీన్ని డిమాండ్ల పట్టికలో చేర్చలేదు.

ఇంతవరకైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఊరుకోలేకపోవడానికి కారణం ఒక మార్చి నెల పొద్దు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు ఆత్మకూర్ దగ్గర ఒక పరీక్షా కేంద్రంలో డ్యూటీ పడింది. ఆ రోజుల్లో ఉత్తర్వు గట్టిగా ఉండేది: తొమ్మిది దాటి ఒక్క నిమిషమైనా లోపలికి రానివ్వరాదు. ఆ కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్ పెద్దమనిషి. నన్ను పిలిచి, "నువ్వు గేటు కాడ ఉండు. నాలుగు మాటలు చెప్పి నవ్వించు, పిల్లలకు భయం పోతది" అన్నాడు. తాళంచెవి కూడా నా చేతికే ఇచ్చాడు.

నా జోకుల గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల రంగు చూసి ఊరి పేరు చెప్పేయవచ్చు. అందుకని పెదవులు కదపకుండా, మొహంలో ఏమీ కనపడనీయకుండా జోకు వేయడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. నేను నవ్వను, ఎదుటివాళ్లు నవ్వుతారు. మొదటి రెండు రోజులు గేటు దగ్గర నా పేరు బాగానే మోగింది. కానిస్టేబుల్ నా కోసమే కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

మూడో రోజు కెమిస్ట్రీ. తొమ్మిదికి బెల్లు కొట్టారు. నేను గొలుసు వేసి, తాళం వేసి, చెవి చొక్కా జేబులో వేసుకున్నాను. అప్పుడు రోడ్డు మలుపు దగ్గర ఆటో ఆగింది. ఒక అమ్మాయి దూకి, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వెనక వాళ్ల బాపు, తలకు కట్టుకున్న తువ్వాల విప్పుకుంటూ.

ఆ పరుగు నాకు తెలుసు. అప్పటికి పదిహేనేళ్లుగా నేను పరుగెడుతున్నది అదే.

అమ్మాయి గేటు ఊచలు పట్టుకుంది. ఊపిరి ఆడక మాట రాలేదు. వాళ్ల బాపే చెప్పాడు.

"సార్, జర తియ్యుండ్రి సార్. బస్సు టైరు పంచరైంది. ఆడికెల్లి ఆటోల వచ్చినం."

నేను వాచీ చూశాను. తొమ్మిదీ ఒకటి.

"టైరును గూడ తోల్కరాకపోయినవా, సాక్ష్యం చెప్తుండె" అన్నాను.

కానిస్టేబుల్ పగలబడి నవ్వాడు. గేటు పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు తండ్రులూ నవ్వారు. అమ్మాయి వాళ్ల బాపు కూడా నవ్వాడు. అది నేను అప్పుడే అర్థం చేసుకోవలసింది. సారు జోకేశాడంటే గేటు తీస్తాడని ఆయన అనుకున్నాడు. మంచి మనసుతో నవ్వి, బిడ్డ భుజం మీద చెయ్యి వేసి, నేను జేబులో చెయ్యి పెట్టడం కోసం చూశాడు.

నేను పెట్టలేదు.

"రూల్స్ పెద్దాయనా, నా చేతుల ఏం లేదు" అన్నాను. తాళంచెవి నా జేబులో ఉండగా అన్నాను.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. కిందికి వంగి చెప్పులు తొడుక్కుంది. ఇద్దరూ రోడ్డు మీదికి నడిచి వెళ్లారు. చీఫ్ వచ్చి, "ఎవరన్న లేటొచ్చిన్రా?" అని అడిగాడు. "ఒకరు" అన్నాను. "మంచి పని చేసినవ్, లేకుంటే మన మెడకు చుట్టుకుంటుండె" అని భుజం తట్టాడు. నాకు అవార్డులు తక్కువ. ఉన్నవాటిలో అది ఒకటి.

సాయంత్రం మహబూబ్‌నగర్‌లో ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. చెబితే బరువు దిగుతుందనుకున్నాను.

"ఎంత లేటు?" అంది.

"ఒక నిమిషం."

"చెవి ఎవరి దగ్గర ఉండె?"

"నా దగ్గరనే."

ఆమె డ్యూటీ బ్యాగు గోడకు తగిలిస్తూ అంది: "నాకు గూడ టైం ఉంటది. నా మీద గూడ ఆఫీసర్లుంటరు. ఎనకనుంచి ఎవరన్న ఉరికొస్తుంటే హోల్డాన్ అంట. ఉరికొచ్చేటోళ్లను చూసి గూడ రైట్ చెప్పేటోణ్ణి మేము కండక్టర్ అనం."

"మరేమంటరు?"

"డిపోల అనే మాట ఇంట్ల అననీకె రాదు."

ఆ నిమిషం గురించి నాకు చాలా రోజులు కోపం తగ్గలేదు. ఎవరు పుట్టించారు దాన్ని? మా కాలేజీకి ఆ ఏడు పాఠ్యపుస్తకాలు దసరా దాటాక వచ్చాయి. వాటికి ఎవరూ గేటు మూయలేదు. కెమిస్ట్రీ చెప్పే మనిషిని నవంబర్‌లో వేశారు. ఆయన్ని లోపలికి రానిచ్చి టీ కూడా పోశాం. అదే సెంటర్లో ఇంకో రోజు ప్రశ్నపత్రాల బీరువా తాళం చిక్కుకుని పది నిమిషాలు ఆలస్యమైంది. పిల్లలు నోరెత్తకుండా కూర్చున్నారు. ఆలస్యం అనే హక్కు ఇక్కడ అందరికీ ఉంది, టైరు పంచరైన బస్సులో వచ్చే పిల్లకు తప్ప. ఆ పిల్లకు ఈ మాట చెప్పడానికి జీతమిచ్చి నన్ను పెట్టుకున్నారు. అదనంగా జోకు నేను ఉచితంగా ఇచ్చాను.

కల కూడా మారింది. ఇప్పుడు నేనే పరుగెత్తి గేటు దగ్గరికి వస్తాను, గేటు లోపల కూడా నేనే ఉంటాను. లోపలున్న నేను బయటున్న నన్ను చూసి టైరు జోకు వేస్తాను. అందరూ నవ్వుతారు. జోకు బాగానే పేలుతుంది, అది ఒప్పుకోవాలి.

కొన్నేళ్లకు నిబంధన సడలించారు. ఐదు నిమిషాల వరకు రానివ్వవచ్చని పేపర్లో వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ మంచిదే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అంటే ఐదు నిమిషాలు ఇవ్వవచ్చన్నమాట. ఇస్తే ఆకాశం ఊడిపడదన్నమాట. మరి ఇన్నేళ్లూ ఆ ఐదు నిమిషాలను ఎక్కడ దాచిపెట్టారు? నేను ఆ మాట పైకి అంటే, "ఇంత మంచి వార్తకు గింత కోపమేంది?" అన్నాడు లెక్కల సారు.

ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు. హాల్ టికెట్ చూసే దాకా రానిచ్చింది లేదు కదా. పాసైందో, పెళ్లి చేసేశారో, ఏమైందో తెలుసుకునే దారి లేదు. ఒక్క సంగతి తెలిస్తే చాలనుకునేవాణ్ణి: ఆ నిమిషం ఆమెకు ఎంత పొడుగు పడిందో.

పోయిన ఎండాకాలం తెలిసింది.

జడ్చర్లలో ఏదో పని మీద దిగి, మధ్యాహ్నం రోడ్డు పక్క బండి దగ్గర చాయ్ తాగుతున్నాను. మెడలో కంపెనీ కార్డు వేసుకున్న ఒక అమ్మాయి నన్నే చూస్తూ నిలబడింది. పాత విద్యార్థి అయి ఉంటుందని పెద్దరికంగా తలాడించాను.

"మీరు టైరు సారు కదా?" అంది.

చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"మా ఇంట్ల మిమ్మల్ని గట్లనే అంటరు సార్. పేరు తెల్వదు కదా." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువయ్యేది.

"పాసైనవా?" అని అడిగాను.

"సప్లిమెంటరీల పాసైన. ముందు రోజే పోయి దోస్తు ఇంట్ల పండుకున్న. గని బాపు ఆ ఏడు డిగ్రీకి పోనియ్యలే. మల్ల గేట్ల కాడ నిలబడుడు నాతోటి కాదన్నడు. ఒక ఏడు పత్తి ఏరిన. తర్వాత మా అవ్వ లొల్లి పెట్టుకుంటే పంపిండు. బీఎస్సీ చేసిన. ఇప్పుడు ఈడనే కంపెనీల, ల్యాబుల మందు గోలీలు టెస్ట్ చేస్త."

ఒక నిమిషం పొడుగు ఒక ఏడాది. పత్తి చేనులో.

"కల గూడ వస్తది సార్" అంది, తనే. "షిఫ్టుకు ఉరుకుతుంట. కంపెనీ గేటు కాడ మీరుంటరు."

"తీస్తనా?"

"తియ్యరు. టైరు మాట అంటరు. బాపు నవ్వుతడు. ఆడనే మెలకువ వస్తది."

నాకు ఆ సమయంలో కూడా ఒక జోకు తట్టింది. నా బుద్ధి మీద నాకున్న అభిప్రాయం అప్పటికి పూర్తిగా స్థిరపడింది. నోరు మూసుకుని దాన్ని లోపలికే పంపేశాను.

"తాళంచెవి నా జేబులనే ఉండె బిడ్డా" అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట ఇంట్లో తప్ప ఎక్కడా అనలేదు.

"తెలుసు సార్. పలుచటి అంగీ వేసుకున్నరు. కనబడుతుండె."

అంతలో ఆమె ఉలిక్కిపడి రోడ్డు వైపు చూసింది. కంపెనీ బస్సు అవతలి పక్క ఆగి, అప్పటికే కదులుతోంది. మాటల్లో పెట్టి ఆమెను రెండోసారి ఆలస్యం చేసిన ఘనత కూడా నాదే. ఆమె బ్యాగు సర్దుకుని పరుగు మొదలుపెట్టింది.

నేనూ పరుగెత్తాను. యాభైకి దగ్గర పడ్డ మనిషి పరుగు చూడదగ్గ దృశ్యం కాదు. రోడ్డు మధ్యలో ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. ఇది కలేమో అని నిజంగా ఒక్క క్షణం అనుకున్నాను. "హోల్డాన్, హోల్డాన్" అని అరుస్తూ బస్సు పక్క రేకును చరిచాను. ఆగలేదు. ముందుకు పోయి ఎదురుగా నిలబడ్డాను. ఆగింది.

డ్రైవర్ తల బయట పెట్టాడు. "ఏం పెద్దమనిషీ, సావనీకె నా బండే దొరికిందా?"

"ఒక మనిషి ఎక్కాలె. ఒక్క నిమిషం ఆపు."

"టైమైపోయింది. లేటైతే నన్నంటరు."

"నన్ను అనుమను. ఈడనే ఉంట."

అతను ఇంకో నాలుగు మాటలన్నాడు, అన్నీ న్యాయమైనవే. అంతలో ఆమె చేరుకుని ఎక్కింది. నేను పక్కకు జరిగాను. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి తొంగి చూసి, "సార్, మీ చెప్పు గాడ పడ్డది" అని చేత్తో చూపించింది. క్షమించానని గానీ, థాంక్స్ అని గానీ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు. వెనక్కి పోయి చెప్పు తొడుక్కున్నాను. చాయ్ చల్లారిపోయింది.

కల పోయిందా అంటే పోలేదు. నాలుగో రోజు పొద్దున లేచే ముందు మళ్లీ వచ్చింది, ఏ మార్పూ లేకుండా. అంత సులువుగా వదిలేదైతే లేని లెక్కల పరీక్షకు ఇన్నేళ్లు నన్ను తిప్పేదే కాదు.

జడ్చర్ల నుంచి వచ్చిన సాయంత్రమే నా భార్యకు జరిగిందంతా చెప్పాను. ఆమె డ్యూటీ దిగి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అంతా విన్నది.

"బండి ఎంతసేపు ఆగింది?" అంది.

"ఒక నిమిషం ఉంటది."

"కంపెనీ కూలిందా?"

"కూలినట్టు వార్త లేదు."

"డ్రైవర్ నౌకరి పోయిందా?"

"పోయినట్టు లేదు."

ఆమె మడమలు ఒత్తుకుంది.

"మరి ఆ పొద్దు ఎందుకు తియ్యలే?"

ఉత్తర్వు గురించి చెప్పవచ్చు, చీఫ్ గురించి చెప్పవచ్చు. అవి ఆమెకు ముందే తెలుసు. కనీసం ఒక జోకైనా వేద్దామని చూశాను. తట్టలేదు.