అలారం గోస్ ఆఫ్ అంటే

ఓ పెద్ద హోటల్ సెల్లార్లో బట్టలుతికే విభాగం ఉంది. అక్కడి సూపర్‌వైజరును వెనకాల అందరూ టీచరమ్మ అనేవారు. ఆమె ఏనాడూ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఇంగ్లిష్ చదవగలదు, చదవలేని వాళ్లను పురుగుల్ని చూసినట్టు చూడగలదు. ఆ రెండింటికీ కలిపి పెట్టిన పేరది.

ఇస్త్రీ బల్ల దగ్గర ఆమె స్వయానా తోటికోడలు, పెద్దది, పనిచేసేది. టీచరమ్మను ఈ పనిలో పెట్టించింది కూడా ఆమే. సూపర్‌వైజరు ఉద్యోగం ఖాళీ అయినప్పుడు, ఏళ్లతరబడి ఆవిరి పీల్చిన తనకే వస్తుందని పెద్దామె ఆశపడింది. ఇంగ్లిష్ వచ్చునని చిన్నామెకిచ్చారు. అప్పట్నుంచీ ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. పనిలో మాట్లాడక తప్పదు కాబట్టి, నోరు తెరిస్తే చాలు కీచులాడుకునేవారు.

"దుప్పట్ల మడత నీట్‌గా రాలేదు."

"నీ ఇంగ్లిష్‌తో ఓసారి రుద్దు, అదే వస్తుంది."

కొత్తగా తలుపు పక్కన ఓ బోర్డు పెట్టారు. 'ఇఫ్ ది అలారం గోస్ ఆఫ్, లీవ్ ది బిల్డింగ్.' దాన్ని అందరికీ విడమరిచి చెప్పాల్సింది టీచరమ్మే. ఆమె కాస్తయినా తడుముకోలేదు.

"ఆఫ్ అంటే తెలుసుగా? ఆగిపోవడం. అలారం మోగుతున్నంతసేపూ ఎక్కడివాళ్లక్కడే ఉండాలి. ఆగాక బయటికెళ్లాలి."

"మోగేటప్పుడు కూచుని, ఆగాక పారిపోవడమేంటే?" అంది పెద్దామె.

"చదువుకున్నవాళ్లు రాశారు. నీకర్థం కావాలని రాయలేదులే."

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. పెద్దామె ముఖం కందిపోయింది.

ఓ మధ్యాహ్నం డ్రయ్యర్ వెనక పేరుకున్న నూలుపీచుకు నిప్పంటుకుంది. అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. అందరూ తలుపు వైపు ఉరికారు. టీచరమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆగండి! అలారం ఇంకా ఆఫ్ కాలేదు!"

"పొగ కనబడట్లేదా నీకు?" అంది పెద్దామె.

"బోర్డు చదివింది నేనా, నువ్వా?"

నిజానికి పొగ ఆమెకూ కనబడింది. గొంతులో మంట కూడా తెలుస్తోంది. కానీ ఇప్పుడు తప్పుకుంటే ఆ మనిషి ముందు ఓడినట్టే. ఆ పంతంతోనే గడపకు కాళ్లు తన్నిపెట్టి నిలబడింది.

పెద్దామె తడి దుప్పట్ల బండిని బలమంతా పెట్టి ఆమె మీదికి తోసింది. టీచరమ్మ వెల్లకిలా పడింది. ఆడవాళ్లు ఆమెను దాటుకుంటూ పరిగెత్తారు. ఆఖరున వచ్చిన పెద్దామె ఆమెను మెట్లదాకా ఈడ్చుకెళ్లింది. భుజం పట్టుకోవచ్చు. జుట్టే పట్టుకుంది.

మంటలు ఆరాక మేనేజరు టీచరమ్మను పిలిపించాడు.

"అలారం గోస్ ఆఫ్ అంటే మోగడమమ్మా."

"మరి కరెంటు గోస్ ఆఫ్ అంటే?"

"పోవడం."

"పాలు?"

"పాడైపోవడం."

"బాంబు?"

"పేలడం."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఒకే మాటకి ఇన్ని అర్థాలేంటండీ? అలారం మోగితే బయటికి పొండని మన భాషలో రాసి చావొచ్చుగా?"

"రాయొచ్చు. మరి పొగ చూశాక కూడా తలుపుకెందుకు అడ్డం నిలబడ్డావు?"



టీచరమ్మను మడతల బల్లకు దించారు. బండి తోసినందుకు పెద్దామెకు మందలింపు దక్కింది. సూపర్‌వైజరుగా బయటి మనిషిని తెచ్చారు. ఆ ఉద్యోగం ఇద్దరికీ దక్కకపోవడానికి కారణం నువ్వంటే నువ్వని ఇద్దరూ ఇల్లు ఎగిరిపోయేలా తిట్టుకున్నారు.

చివరికి పెద్దామె భర్త ఇద్దరినీ కూర్చోబెట్టాడు. "ప్రాణం కాపాడిందమ్మా. ఒక్క మంచి మాట అను."

టీచరమ్మ తలెత్తింది. "కాపాడావక్కా, కాదనను. అందుకే నిన్ను చూస్తే ఒళ్లంతా కంపరమెత్తుతోంది."

"పొగలో ఎవరో తెలీక లాగాను," అంది పెద్దామె. "నువ్వని తెలిస్తే అక్కడే వదిలేసేదాన్ని."

అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు. మర్నాడే టీచరమ్మ వేరే షిఫ్టు అడిగి మార్పించుకుంది.