జేజిగారి ప్రకారం కర్నూలు

ఆ రోజుల్లో మా కర్నూలులో ఎవరైనా దారి అడిగితే తెలియదని చెప్పడం మర్యాద కాదు. ఇంటికి వచ్చినవాడికి మంచినీళ్ళు ఇవ్వకుండా పంపించడంలాంటిదే అది. పెద్దాసుపత్రి యాడుండాదని అడిగితే, ఆసుపత్రి ముఖం ఎన్నడూ చూడనివాడు కూడా బీడీ పక్కన పెట్టి, "ఇట్ట నేరుగా పోయి ఎడం పక్కకు తిరుగప్పా" అని ధీమాగా చెప్పి పంపేవాడు. అడిగినవాడు అరగంట తిరిగి మళ్ళీ అక్కడికే చేరితే, కూర్చోబెట్టి టీ ఇప్పించి ఇంకో దారి చెప్పేవాడు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు వచ్చి ఆ మర్యాద నశించింది. ఫోన్లో మాట్లాడే ఆడమనిషి కూడా దారి తప్పిస్తుంది గానీ, టీ ఇప్పించదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా ఇరవై రెండో ఏట నేను సరిగ్గా నాలుగు రోజులపాటు కర్నూలు నగరానికి గైడుగా పనిచేశాను. నాకు ముందు ఆ నగరానికి గైడు లేడు. నా తర్వాత చాలాకాలం ఎవరూ ఆ పేరెత్తడానికి సాహసించలేదు. నాకున్న అర్హత పైన చెప్పిన మర్యాద ఒక్కటే.

అప్పటికి డిగ్రీ పాసై ఉన్నాను (మూడో ప్రయత్నంలో పాసయ్యానని గిట్టనివాళ్ళు ప్రచారం చేశారు. నిజానికి అది నాలుగోది). మా మామకు, అంటే మా అమ్మ తమ్ముడికి, బస్టాండు దగ్గర పద్నాలుగు గదుల లాడ్జి ఉండేది. అందులో ఫ్యాను బాగా తిరిగే బల్ల ఒకటి చూసుకుని దాని మీద నేను ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి, ఎక్కువగా కళ్ళు మూసుకుని. ఒకరోజు మామకు గోదావరి వైపు నుంచి ఉత్తరం వచ్చింది. రిటైరైన స్టేషన్ మాస్టరొకాయన భార్యతో కలిసి వస్తున్నాడట. చారిత్రక నగరమైన కర్నూలును నాలుగు రోజులు క్షుణ్ణంగా చూస్తారట. విశ్వసనీయుడైన గైడును ఏర్పాటు చేయవలసిందట. మామ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, బల్ల మీద ఉన్న విశ్వసనీయుణ్ణి కాలితో తట్టి లేపాడు.

"ఒరే అల్లుడా, ఇదే నీకు ఆఖరు. నాలుగు దినాలు వాళ్ళను ఊరంతా తిప్పు. పోయేటప్పుడు మన లాడ్జి పుస్తకంలో నీ గురించి మంచిమాట రాస్తే నిన్ను ఈడనే కౌంటర్లో కూర్చోబెడతా. రాయలేదనుకో, ఎర్రగుంట్లలో మా బామ్మర్దికి సిమెంటు లారీలు తూకమేసే కాటా కాడ ఒక మనిషి కావాలంట. మర్నాడు పొద్దున బస్సు నేనే ఎక్కిస్తా."

ఎర్రగుంట్లను నేను ఒకసారి చూశాను. అక్కడ కాకులు తెల్లగా ఉంటాయి. ఆ ఒక్కరోజుకే నేను సిమెంటు దుమ్ము కొట్టుకుని ఇంటికొస్తే, మా అమ్మ ఎవరో బైరాగి అనుకుని బియ్యం తెచ్చింది. ఇక కౌంటరంటారా, దాని నెత్తిన ఫ్యాను, ఎదురుగా టిఫిను హోటలు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన కూర్చున్నచోటికే వచ్చేది. జీవితంలో అంతకు మించిన పదవి నేను కోరలేదు. చిక్కల్లా ఆ నాలుగు రోజులతోనే. కొండారెడ్డి బురుజు, నవాబుల గుమ్మటం, తుంగభద్ర ఒడ్డు, అన్నీ కలిపి నడిచి చూసినా, నడుమ రెండు టీలు తాగినా, నాలుగు గంటల పని. ఆ మాటే మామతో అంటే, "కొంచెం కొంచెంగా చూపియ్యి" అన్నాడు, పసిబిడ్డకు అన్నం పెట్టే పద్ధతి చెప్పినట్టు.

స్టేషన్ మాస్టరుగారు సిగ్నల్ స్తంభమంత పొడుగు. చంకలో నోటుపుస్తకం. "ఉదయం 8.10 లాడ్జి నుండి బయలుదేరుట. 8.31 బురుజు చేరుట" అని నిలబడే రాసుకునేవారు. ఆయన భార్య పొట్టి మనిషి, చేతిలో నల్ల గొడుగు, మాట తక్కువ. నేను బురుజు చూపిస్తే ఆమె రోడ్డుకు అవతలి ఇళ్ళ వైపు చూసేది. గుమ్మటం చూపిస్తే నేల చూసేది. నేను అదేమీ పట్టించుకోలేదు. నా నాలుగు రోజుల బెంగ నాకుంది.

"ఈరోజు బురుజును తూర్పు వైపు నుంచి మాత్రమే చూస్తాం సార్. నాలుగు వైపులా ఒకే రోజు చూస్తే తల తిరుగుతుందని పెద్దలు చెబుతారు" అన్నాను.

"ఏ పెద్దలు?"

"మా జేజి సార్. మా నాయన తల్లి. డెబ్భై ఏళ్ళు దాటింది. ఈ ఊరి సంగతులు ఆమెకు తెలియనివి లేవు."

ఆయన వెంటనే "జేజిగారి ప్రకారం" అని రాసుకున్నారు. ఆ రెండు మాటలు నాకు దొరికిన నిధి. ఇక వెనక్కి తిరిగి చూడలేదు. బురుజుకు తొంభై తొమ్మిది మెట్లన్నాను. ఆయన ఎక్కుతూ లెక్కపెట్టి, శానా తక్కువ వచ్చేసరికి నా వైపు చూశారు. మిగతావి నేల కింద ఉన్నాయన్నాను, జేజిగారి ప్రకారం. మా జేజి మామగారు ఆ బురుజు మీద ఫిరంగి పేల్చేవాడనీ, ఆ శబ్దానికి ఇరవై మైళ్ళ అవతల నందికొట్కూరులో కుండలు పగిలేవనీ, కుమ్మరులు పండగ చేసుకునేవారనీ చెప్పాను. రెండో రోజు పడమటి వైపు చూపించి, నది ఒడ్డుకు తీసుకుపోయాను. ఎండాకాలం. కనుచూపు మేర ఇసుక.

"నది ఏదయ్యా?" అన్నారాయన.

"ఇసుక కింద పోతాంది సార్. మా తుంగభద్రకు మొహమాటం ఎక్కువ. కొత్తవాళ్ళ ఎదటికి రాదు."

ఆయన అది కూడా రాసుకున్నారు. అప్పుడు ఆమె మొదటిసారి నాతో మాట్లాడింది.

"బాబూ, నాకీ బురుజులూ అవీ వద్దు. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు మా నాన్నగారు ఇక్కడ గుమాస్తా. ఇళ్ళు చాలక గుడారాలు వేశారుగా, మేమూ గుడారంలోనే ఉన్నాం. నాకప్పుడు ఆరేళ్ళు. ఇక్కణ్ణించి వెళ్ళిన ఏడాదే మా అమ్మ పోయింది. ఆవిడ ముఖం నాకు గుర్తున్నదంతా ఆ గుడారంలోదే. ఆ చోటు ఒక్కసారి చూద్దామని వచ్చాను. చూపించగలవా?"

తెలియదని చెప్పడానికే నోరు తెరిచాను. కానీ మూడు తరాల మర్యాద గొంతుకు అడ్డం పడింది. "ఎందుకు తెలీదమ్మా, మా జేజి ఎన్నిసార్లు చూపించిందో. రేపు పొద్దున పోదాం" అన్నాను.

మూడో రోజు పొద్దున వాళ్ళను పాతపేటలో ఒక నూనె మిల్లు వెనక్కి తీసుకుపోయాను. చుట్టూ ఇళ్ళున్నా, నడుమ అంత స్థలం ఖాళీగా మిగిలి ఉండేది (ఎందుకు మిగిలిందో నేను ఆలోచించలేదు). అడుగులు కొలిచి, "ఇదిగోమ్మా, మీ గుడారం. నడిమి గుంజ ఈడ. వాకిలి తూర్పుకు" అన్నాను. ఇంజనీర్లు కూడా అంత కచ్చితంగా చెప్పరు. ఆమె చెప్పులు విప్పి ఆ చోట కూర్చుంది. అరచేతిని నేల మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, పిడికెడు పిడికెడుగా మట్టి నింపుకుంది. స్టేషన్ మాస్టరుగారు ఆ పూట టైము రాసుకోలేదు. అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను మిల్లు గోడ మీది రాతలు చదువుతూ నిలబడ్డాను.

"రేపు మీ జేజిగారిని చూపించు బాబూ. ఆవిడ చెప్పబట్టేగా నాకీ చోటు దొరికింది" అంది ఆమె లేచి.

"తప్పకుండా చూడాలి. ఆవిడ పేర తొంభై ఏడు విషయాలు రాశాను. కింద సంతకం చేయించుకోవాలి" అన్నారాయన.

ఆ సాయంత్రం మా జేజి వసారాలో శెనక్కాయలు ఒలుస్తూ కూర్చునుంది. పక్కన చేరి నేనూ నాలుగు ఒలిచాను. జేజి అనుమానంగా చూసింది.

"జేజీ, రేపు ఇద్దరు పెద్దమనుషులు వస్తారు. వాళ్ళు ఏమడిగినా ఊ అను."

"ఎందుకు?"

"అనకపోతే మామ నన్ను ఎర్రగుంట్లకు తోలుతాడు."

"నన్ను అబద్ధమాడమంటాండావా?"

"అబద్ధమెందుకైతాది. ఊ అంటే ఊ అంతే. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు."

జేజి కాసేపు ఆలోచించి, "ఊ" అంది. అది ఒప్పుకోవడమో, రేపటికి సాధనో నాకు తెలియలేదు.

నాలుగో రోజు మా ఇంట్లో జొన్నరొట్టెలు, శెనక్కాయలు నూరిన ఊరిబిండి. జేజి పొయ్యి ముందు రొట్టె తడుతూ ఉంటే, స్టేషన్ మాస్టరుగారు ఎదురుగా పీట మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. బురుజును నాలుగు వైపులా ఒకే రోజు చూడకూడదట కదా. ఊ. మిగతా మెట్లు నేల కింద ఉన్నాయట కదా. ఊ. "మీ మామగారు బురుజు మీద ఫిరంగి పేల్చేవారట" అనేసరికి జేజి చేతిలో రొట్టె ఆగింది (మా ముత్తాత బర్రెలు మేపుకునేవాడు. ఆయన జీవితంలో చేసిన అతి పెద్ద శబ్దం దగ్గు). నా వైపు ఒకసారి చూసి, రొట్టెను పెనం మీద వేసి, "ఊ" అంది. నా కళ్ళ ముందు కౌంటరు మీది ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది.

అప్పుడు స్టేషన్ మాస్టరుగారి భార్య సంచిలోంచి డబ్బా తీసి, మూత తెరిచి జేజి ముందు పెట్టింది. "మామ్మగారూ, మీరు చెప్పిన చోటి మట్టే. ఇంటికెళ్ళి తులసికోటలో పోసి రోజూ దీపం పెట్టుకుంటాను. మా అమ్మ దగ్గర పెట్టినట్టుంటుంది."

"యాడి మట్టి తల్లీ?"

"నూనె మిల్లు వెనక, ఖాళీ స్థలం లేదూ, అక్కడిది."

జేజి నా వైపు చూసింది. నేను డబ్బా తెచ్చినామె వెనక నిలబడి, పెదవులు ముందుకు చాచి, శబ్దం రాకుండా ఊ, ఊ అని చూపిస్తున్నాను. పెనం మీద రొట్టె మాడింది. మా జేజి చేతి రొట్టె మాడడం నేను పుట్టాక అదే మొదలు.

"అది పెంటదిబ్బ తల్లీ" అంది జేజి మెల్లగా. "పేటలో బర్రెల పేడంతా ఆడనే పోసేటోళ్ళం. నేనే గంపలు గంపలు మోసినా. అందుకే ఈ పొద్దుకీ ఆడ ఎవురూ ఇల్లు కట్టుకోలేదు. తులసి మటుకు ఏపుగా వస్తాది, దాంట్లో అబద్ధం లేదు. నీ గుడారం మాత్రం ఆడ లేదమ్మా."

ఆమె డబ్బా వైపు చూస్తోంది, కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది. నేను ముందుకొచ్చి నిలబడి, "నాకు తెలీదమ్మా" అన్నాను. "మీ గుడారం యాడుండిందో నాకు తెలీదు. మిగతావీ ఏవీ తెలీదు." అంత చిన్న మాట బయటికి రావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

స్టేషన్ మాస్టరుగారు పెన్ను మూత తీసి మళ్ళీ మొదటి పేజీకి వచ్చారు. "ఫిరంగి?" అన్నారు.

"బర్రెలు" అంది జేజి.

"నేల కింద మెట్లు?"

"నేల కింద మన్నుంటాది నాయనా."

ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతున్నారాయన. ఇంతలో ఆమె, "మరి గుడారాలు ఎక్కడుండేవి మామ్మగారూ?" అని అడిగింది. జేజి పొయ్యి ఆర్పి, గోడకు ఆనించిన చేతికట్టె అందుకుంది. "రా తల్లీ. నాకు తెలిసినంత చూపిస్తా. ఏది మీదో మటుకు చెప్పలేను."

మూడు వీధులు నడిచాం. ముందు కట్టె, పక్కన గొడుగు, వెనక నోటుపుస్తకం, అందరికన్నా వెనక నేను. ఒక సైకిలు షాపు ముందు జేజి ఆగింది. "ఈడ నుంచి ఆ కనపడే నీళ్ళ ట్యాంకు దాకా వరసగా గుడారాలే. గాలి లేసిందంటే చూడాల తల్లీ. గుమాస్తాలు కాగితాల ఎనక పరిగెత్తేటోళ్ళు. ఆడోళ్ళు గుడ్డ ఎగిరిపోకుండా అంచు పట్టుకోని, బరువుకు ఏదో ఒకదాని మింద..."

"బియ్యం డబ్బా మీద" అంది ఆమె.

రోడ్డు మధ్యన ఆగిపోయింది. "మా అమ్మ బియ్యం డబ్బా మీద కూర్చునేది. నన్ను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా గుడారం అంచు పట్టుకుని నవ్వేది. ఇంకొంచెం గాలొస్తే గోదారి దాకా ఎగిరిపోవచ్చే, రైలు టిక్కెట్టు అక్కర్లేదు అనేది. ఇన్నేళ్ళూ ఇది నాకు గుర్తేలేదండీ" అని భర్త వైపు తిరిగింది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టం. సైకిలు షాపతను ఏమీ అడక్కుండా స్టూలు తెచ్చి వేశాడు.

"మీ అమ్మ నాకు గుర్తులేదు తల్లీ, ఉండాదని చెప్పను" అంది జేజి. "అట్ట కూర్చోని నవ్వినోళ్ళను మాత్రం శానా మందిని చూసినా."

కాసేపటికి ఆమె ఆ రోడ్డు పక్కన వంగి చిటికెడు మట్టి తీసింది. "ఆ పెంట పారబోస్తావా?" అంది జేజి. ఆమె డబ్బాలోకి చూసి, ఆ చిటికెడు దాని పైనే వేసి మూత పెట్టింది. "ఎందుకండీ, ఎరువేగా, ఉండనీండి" అంది, నా వైపు చూసి.

లాడ్జి పుస్తకంలో స్టేషన్ మాస్టరుగారు రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "గది శుభ్రము. గైడు తెలిపిన విషయములు తొంభై ఏడు. వాటిలో నిజమైనవి రెండు: నదిలో నీళ్ళు కనబడవు, బస్టాండు వద్ద టీ బాగుండును. జేజిగారు స్వయముగా తెలిపినవన్నీ నిజము. యాజమాన్యము వారు జేజిగారిని గైడుగా నియమించుకొనవలెను." మామ నిజంగానే జేజిని అడిగాడు. శెనక్కాయలు ఒలిచేది ఉంది, తీరిక లేదంది. మర్నాడు పొద్దున మామ నన్ను ఎర్రగుంట్ల బస్సు ఎక్కించాడు.

కాటా దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను. అబద్ధం అంటే ఏమిటో ఎరగని యంత్రం అది. లారీ ఎక్కితే ముల్లు ఎక్కడ ఆగితే అంతే రాయాలి. నా వంటివాడికి అంతకన్నా కఠిన శిక్ష లేదు. లోపల పేరుకుపోయిన గొప్పలన్నీ ఎక్కడ దించుకోవాలో తెలియకే ఇలా రాతల్లో పడ్డాను. అక్కడ చేరిన ఏడాదికి, సిమెంటు దుమ్ములో తెల్లబడిపోయిన కార్డు ఒకటి నా చేతికొచ్చింది. స్టేషన్ మాస్టరుగారి దస్తూరి. "తులసి ఏపుగా వచ్చినది. ఎత్తు రెండు అడుగుల మూడు అంగుళములు. స్వయముగా కొలిచితిని. జేజిగారికి తెలుపగలవు."

జేజికి చదివి వినిపిస్తే, "నేను అప్పుడే చెప్పలా?" అంది.

ఇప్పటికీ ఎవరైనా ఆ కథ అడిగితే చెబుతుంటాను. తులసి నాలుగడుగులు పెరిగిందని చెబుతాను. వినేవాళ్ళు నమ్మి తల ఊపుతారు. పొయ్యి ముందు నుంచి ఎవరైనా కాదంటారేమోనని ఒక్క క్షణం ఆగి చూస్తాను. ఎవరూ అనరు. అప్పుడు నేనే, "రెండడుగుల మూడంగుళాలు లెండి" అంటాను.